గీత గీసినోళ్లెవరు, గీత మీద నిలబడ్డోళ్లెవరు?

నా కుల సర్టిఫికెట్ మీద కరీంనగర్ జిల్లా అని ఉంటది. నా తమ్ముని సర్టిఫికెట్ మీద జగిత్యాల జిల్లా అని ఉంటది. ఇద్దరం కొండగట్టు గుట్ట కనబడే ఒకే మాదిగవాడల, ఒకే ఇంట్ల పుట్టినం. ఇల్లు జరగలేదు, వాడ జరగలేదు. గీత జరిగింది. మా ఇంట్ల యూనివర్సిటీ గడప తొక్కిన మొదటిదాన్ని కాబట్టి ఈ గీతను చదివే పని నా మీద పడ్డది. జిల్లా పటం కూడా ఒక రచనే. దాన్ని రాసినోళ్లున్నారు, అందులో చోటు దొరకనోళ్లూ ఉన్నారు.

ఈ రచన పాతదే. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న, దసరా రోజు, తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. పాత ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది. పాత కరీంనగర్ నుంచి నాలుగు జిల్లాలు పుట్టగా, కొన్ని మండలాలు సిద్దిపేటకు, వరంగల్ వైపుకు పోయాయి.

దీనివల్ల మేలే జరగలేదని అనడం అబద్ధమైతది. ఆసిఫాబాద్ గోండు రైతు కలెక్టర్‌కు దరఖాస్తు ఇయ్యాలంటే ఒకప్పుడు ఆదిలాబాద్ దాకా పోవాలె. ఇప్పుడు ఆ కష్టం తప్పింది. కూలి పోగొట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగేటోళ్లకు దూరం తగ్గడం చిన్న సంగతి కాదు. కానీ కలెక్టరేట్ దగ్గరైనంత మాత్రాన అధికారం దగ్గరైనట్టేనా?

ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి చెయ్యమని, దొరల కబ్జాలో ఉన్న భూములు వదలమని కూలీలు, రైతులు వేలాదిగా నడిచారు. ఆ ఏడాదే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసులను దింపడానికి పనికొచ్చిన తాలూకా గీత, ఆ కూలీలకు భూమి పంచడానికి ఎందుకు పనికిరాలేదు? అవే రెండు ఊర్లు 2016లో జిల్లా కేంద్రాలైనయి. గీతకు సొంత గుణం లేదని, గీసే చెయ్యిని బట్టే దాని గుణమని ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇక పేర్లు చూడండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో ఉద్యోగాలకు ఏడు జోన్లు ఏర్పడ్డాయి: కాళేశ్వరం, బాసర, రాజన్న, భద్రాద్రి, యాదాద్రి, చార్మినార్, జోగులాంబ. ఏడింట్ల ఆరు గుళ్లున్న చోట్ల పేర్లే. జిల్లాల్లో కుమురం భీం పేరుంది, అది గెలుపే. 33 జిల్లాల్లో ఒక్క దళితుని పేరు లేదు. భాగ్యరెడ్డి వర్మ ఈ గడ్డ మీద పుట్టలేదా? పేరుతో ఏమొస్తదని అనేటోళ్లు కోనసీమను చూడాలి. 2022లో ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు. పేరులో ఏమీ లేకపోతే అంత మంట ఎక్కడిది?

పేరు కన్నా లోతైన గాటు కొలువుల్లో పడ్డది. జగిత్యాల బాసర జోన్‌కు, పెద్దపల్లి కాళేశ్వరం జోన్‌కు, కరీంనగర్, సిరిసిల్ల రాజన్న జోన్‌కు పోయాయి. పక్క ఊరి చుట్టం ఇప్పుడు నాన్‌లోకల్. 2025లో ఎస్సీ వర్గీకరణ చట్టం వచ్చింది. ఎన్నో ఏండ్ల దండోరా కొట్లాట ఫలం అది, దాన్ని నిండుగా సమర్థిస్తున్నా. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. వాటా 1, 9, 5 శాతం. అందరికన్నా వెనుకబడ్డ మొదటి గ్రూపుకు వంద పోస్టులకు ఒక్కటి. జిల్లా కేడర్‌లో ఒక శాఖకు ముప్పై పోస్టులే ఉంటే ఒకసారి వచ్చిన వంతు మళ్లీ వచ్చేదెప్పుడు? యూనిట్ చిన్నదైన కొద్దీ చిన్న కులం వంతు దూరమైతది. ఈ లెక్క జిల్లాలు గీసినప్పుడూ చూడలేదు, వర్గీకరణ రాసినప్పుడూ చూడలేదు.

అంబేద్కర్ 1955లోనే భాషా రాష్ట్రాల మీద రాస్తూ హెచ్చరించాడు. గీత గీసే ముందు దాని లోపల ఏ కులం చేతుల భూమి ఉంది, ఎవరు ఎవరిని తొక్కగలరు అన్నది చూడమన్నాడు. రాష్ట్రానికి వేసిన ఆ ప్రశ్నను మన మేధావులు జిల్లాకు, మండలానికి ఎందుకు వెయ్యరు? కిలోమీటర్లు లెక్కపెట్టారు, జనాభా లెక్కపెట్టారు. భూమి లెక్క మాత్రం ముట్టలేదు.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది కొడిమ్యాల మండలం పల్లెలోళ్లు, ఆడోళ్లు. జగిత్యాల పోయే ఆ ఒక్క బస్సుల వందకు పైగా జనం. అప్పటికి జగిత్యాల జిల్లా అయి రెండేండ్లు దాటలేదు. పటం మీద కేంద్రం దగ్గరైంది, బస్సుల నిలబడే జాగ మాత్రం దొరకలేదు.

అందుకే చిన్న జిల్లాలు వద్దని మేము అనం. రేపు మళ్లీ గీసేటప్పుడు, ప్రతి ముక్కలో దళితుల భూమెంత, కొలువులెన్ని, బస్సులెన్ని అని ముందు కాగితం మీద పెట్టమంటం. ఆ గీత గీసే బల్ల దగ్గర మా వాడ మనిషి కూడా కూసోవాలంటం.