జొన్నకు కంది తోడు

నర్సంపేట నుంచి కొత్తగూడకు పోయే దారి పాకాల అడవిలోంచి సాగుతుంది. కాకతీయుల నాటి చెరువు వెనకబడ్డాక రెండు పక్కలా తునికి, ఇప్ప, మద్ది, మొర్రి చెట్లు. అడవి పలచబడ్డ చోటల్లా చేలు. ఇవాళ ఆ చేలల్లో ముఖ్యంగా కనిపించేవి వరి, మక్క, పత్తి. ఒక చేనులో ఒకటే పంట. పత్తి చేనంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పత్తే.

పాత మెట్టచేను ఇలా ఉండేది కాదు. తొలకరికి జొన్న విత్తితే నాలుగైదు సాళ్లకు ఒక సాలు కంది పడేది. జొన్నల్లోనే పిడికెడు పెసర్లు, బబ్బెర్లు కలిపేవాళ్లు. అంచుల్లో నువ్వులు, అనుములు, అక్కడక్కడ పుంటికూర. చూసేవాళ్లకు అది ఏది పడితే అది చల్లినట్టు ఉంటుంది. కానీ దాని వెనక గట్టి లెక్క ఉంది. పెసర రెండు నెలలకు కాస్త అటూ ఇటూగా కాయ తెంపుకు వస్తుంది. నాలుగో నెలకల్లా జొన్న కంకి ఇల్లు చేరుతుంది. అప్పటిదాకా జొన్న నీడలో నింపాదిగా పెరిగిన కంది ఆ తర్వాత ఎండంతా తనదే చేసుకుని కొమ్మలు చాచి సంక్రాంతి దాకా నిలబడుతుంది. దాని తల్లివేరు లోతుకు దిగి అడుగు చెమ్మను అందుకుంటుంది. వేళ్ల మీది బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. రాలిన ఆకు మళ్లీ ఆ మట్టికే ఎరువు. వాన మొహం చాటేసిన ఏడు ఒక గింజ పోయినా ఇంకో గింజ చేతికొస్తుంది.

చేనులో జత కుదిరినవే కంచంలోనూ జత కుదరడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మన ఒంటిని కట్టే మాంసకృత్తులకు ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో లైసిన్ అనేది జొన్న, మక్క, బియ్యంలో తక్కువ. కంది, పెసర, ఉలవల్లో అది పుష్కలం. పప్పుగింజల్లో తక్కువగా ఉండేది మెథియోనిన్. ఆ లోటు పూడ్చడానికి ధాన్యం కొంత, నువ్వులు కొంత సాయం వస్తాయి. సద్దుల బతుకమ్మ నాడు ఈ వైపు ఇళ్లల్లో పళ్లెం నిండా పెట్టే సత్తులను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మక్కల సత్తు, పెసర సత్తు, నువ్వుల సత్తు, పల్లీల సత్తు. వేయించి, విసిరి, బెల్లమో చక్కెరో కలిపి, ఆట అయ్యాక అందరి చేతుల్లో తలా ఇంత పెడతారు. ధాన్యం, పప్పు, నూనెగింజ మూడూ ఒకే అరచేతిలో చేరతాయి.

తోడు తప్పితే ఏమవుతుందో కూడా తెలంగాణ నేల చూసింది. ఈ సంగతి ఈనాటి చిరుధాన్యాల ప్రచారంలో దాదాపు వినపడదు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా పిలుస్తున్న పరిశోధనాలయం 1918లో నీలగిరుల్లోని కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలకు ఇక్కడ పెల్లగ్రా రోగులు ఎదురయ్యారు. ఎండ తగిలే చోట చర్మం నల్లగా కమిలి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెదురుతుంది. బి3 విటమిన్ అనే నియాసిన్ అందకపోతే వచ్చే జబ్బు ఇది. అప్పటిదాకా ప్రపంచమంతా దీన్ని మక్కలు తినే పేదల జబ్బుగానే ఎరుగును. ఇటలీలోనూ, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ అది వేలమందిని బలిగొంది. హైదరాబాద్‌లో మాత్రం రోగుల ముఖ్యాహారం జొన్న. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్, శరీరం నియాసిన్‌ను తయారు చేసుకుని వాడుకునే తీరుకు అడ్డుపడుతోందని కొలుతూరు గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు.

దీన్నిబట్టి జొన్న చెడ్డదని కాదు. పప్పూ, పాలూ, ఆకుకూరా కొనలేక జొన్న ఒక్కదాని మీదే నెలల తరబడి బతకాల్సి రావడం చెడ్డది. మెక్సికోలో మక్కలు పుట్టిన చోట జనానికి ఈ జబ్బు పెద్దగా అంటలేదు. వాళ్లు మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుతారు. గింజలో బిగిసి ఉన్న నియాసిన్ అలా విడివడుతుంది. పక్కన చిక్కుడు జాతి గింజల కూర ఉండనే ఉంటుంది. యూరప్ వాళ్లు విత్తనం పట్టుకుపోయారు గానీ, దాన్ని వండే పద్ధతిని అక్కడే వదిలేశారు.

మన వంట పద్ధతిలోనూ అంతటి తెలివి ఉంది. తైదలనే (రాగులనే) తీసుకోండి. నూరు గ్రాములకు 360 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. తెల్లగా పట్టిన బియ్యంలో అది పది కూడా ఉండదు. అయితే గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. పొట్టులోని ఫైటిక్ ఆమ్లం కాల్షియాన్నీ ఇనుమునూ కట్టిపడేస్తుంది. పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున మరిగించి అంబలి కాస్తే ఆ కట్టు సడలుతుంది. మొలకెత్తిస్తే ఇంకా మేలు. అంబలితో పచ్చి ఉల్లిగడ్డ, మామిడికాయ ముక్క నంజుకోవడం రుచికే అనుకుంటాం. కానీ ఆ పుల్లటి కాయలోని సి విటమిన్ గింజలోని ఇనుమును పేగులు పీల్చుకునేలా చేస్తుంది. ఉలవల్లో నూటికి 22 పాళ్ల దాకా మాంసకృత్తులుంటాయి. రాత్రంతా నానబెట్టి గుడాలు ఉడికించుకుని, ఆ ఉలవకట్టు పారబోయకుండా చారు కాచుకుంటే నీళ్లలోకి దిగిన సారం కూడా దక్కుతుంది.

సామలు, కొర్రల కథ వేరు. జొన్నను ఉన్నదున్నట్టు ఇసుర్రాయిలో వేసి రవ్వ పట్టి గటక వండుకోవచ్చు. సామకూ కొర్రకూ ఒంటికి అంటుకుపోయిన పొట్టు ఉంటుంది. రోట్లో పోసి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. పూటకు సరిపడా గింజల కోసం ఆడవాళ్ల భుజాలు అరిగిపోయేవి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక రోలు మూలకు చేరిందంటే ఆ తల్లులను తప్పు పట్టలేను. ఆకలి తీరింది, రెక్కలకు విశ్రాంతి దొరికింది. 2025 నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు. ఎటొచ్చీ బియ్యం వెంట పప్పూ నువ్వులూ రాలేదు. చేనులో కంది సాలు పోయాక అవి అంగట్లో కొనాల్సిన సరుకులయ్యాయి. ఇక పట్నాల్లో ప్యాకెట్లలో వచ్చే కొర్రబియ్యం తెల్లగా మెరుస్తుంటే కొనకండి. మర మీద అంతగా అరగదీశాక పీచూ ఖనిజాలూ తవుడులోనే పోతాయి.

ఇక అడవి. కొత్తగూడ, గంగారం వైపు కోయ ఊళ్లకు అడవే రెండో చేను. గుమ్మిలో గింజలు అడుగంటే ఎండాకాలంలోనే అక్కడ పంట మొదలవుతుంది. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఎండబెట్టిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. సారా ఒక్కటే దాని పని అనుకోవడం బయటివాళ్ల చూపు. ఉడికించుకు తింటారు, దాచుకుంటారు, ఇప్పగింజ నుంచి వంటనూనె తీస్తారు. ఆ వెంటే తునికి పండ్లు, మొర్రి పండ్లు, కలేపండ్లు. తొలకరికి నేరేళ్లు. చలికాలంలో పరికి, రేగు, ఉసిరి. మొర్రి పండు గుజ్జు పిల్లలు చప్పరించి ఊసేసిన గింజలోనే సారపప్పు ఉంటుంది. అందులో సగానికి మించి నూనె, ఐదో వంతు దాకా మాంసకృత్తులు. మిఠాయి కొట్లలో దానికి మంచి ధర కాబట్టి అడవి పిల్లల నోటికి అందకుండా అమ్మకానికి పోతుంది. ఇక ఉసిరికాయలో సి విటమిన్ కమలాపండులో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

కోయలు కొత్త పంటను పండుం, అంటే పండుగ, చేయకుండా నోట పెట్టరు. కొత్తల పండుగ, చిక్కుడు పండుగ, ఇప్పపువ్వుకో పండుగ. దేవతకు పెట్టి, ఊరంతా కలిసి తిన్నాకే ఎవరైనా తెంపాలి. భక్తి ఎంత ఉందో, కాయ ముదిరి గింజ కట్టేదాకా చెట్టును ముట్టనివ్వని కట్టుబాటు కూడా అంతే ఉందని నా నమ్మకం. ధర కోసం పచ్చికాయలతో సహా మొర్రి కొమ్మలు నరికి దులిపే చోట ఆ కట్టుబాటు విలువ బాగా తెలుస్తుంది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అంతకు ముందే ఏటూరునాగారం, భద్రాచలం, ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో గిరిపోషణ అనే పోషకాహార పథకం మొదలై, అంగన్‌వాడీలకు జొన్న, పప్పులు కలిపి చేసిన పదార్థాలు వచ్చాయి. మంచి పని. ఆ జొన్న ఆ పిల్లల సొంత చేను నుంచే వస్తే ఇంకా మంచిది. అందుకు ఊరికో చిన్న పొట్టుతీసే మర, చేతిలో విత్తనం ఉండాలి. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, సామ, కొర్ర, కంది రకాల విత్తనాలను ఇళ్లల్లోనే దాచి, ఒకరికొకరు బదులిచ్చుకుంటూ ఆ పని చేసి చూపించాయి. 2019లో వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది.

తొలకరి ముందు కోయ ఊళ్లల్లో విజ్జ పండుం వస్తుంది. విజ్జ అంటే విత్తనం. ఇంటింటి నుంచి తెచ్చిన గింజలను దేవత ముందు పెట్టి మొక్కాకే చేనులోకి దిగుతారు. పత్తి విత్తనం ఏటా అంగట్లోంచి ప్యాకెట్‌లో వస్తుంది. దాచి మళ్లీ విత్తుకుందామంటే కుదరదు. బూడిదలో, వేపాకులో దాచిన జొన్నలు, కందులు, బబ్బెర్లు ఇంకా ఏ ఇంటి ఉట్టి మీదో, ఏ ముసలమ్మ కుండలోనో ఉన్నాయి. ఈ ఏటి పండుం నాటికి ఆ కుండ దించాలి.