తెరచాపకెక్కిన కలంకారీ

పటిక నీటికి రంగు లేదు. అయినా కలంకారీలో ఎరుపుకు మూలం ఆ నీరే. వెదురు పుల్ల మొన చెక్కి, పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే కలం తయారు. చుట్టను వేళ్లతో మెల్లగా నొక్కితే పటిక నీరు మొనకు దిగుతుంది. కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ఎరుపు కావలసిన చోటల్లా ఆ నీరు పూసి, తర్వాత గుడ్డ మొత్తాన్నీ చిరివేరు కాగులో ఉడికిస్తారు. గుడ్డంతా ఎర్రబారుతుంది. పేడనీళ్లలో నానవేసి, ఉతికి, ఎండబెట్టేకొద్దీ పటిక తగలని చోట ఎరుపు వదిలేస్తుంది. తగిలిన చోట మాత్రం ఎన్ని ఉతుకులైనా పోదు. నలుపు ఇంకో వింత. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు వేసి వారాల తరబడి పులియబెట్టిన కసిమి, కరక్కాయ పట్టిన గుడ్డను తాకీ తాకగానే నల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు కొత్తగానే ఉంటుంది.

ఉతికినా పోని ఈ రంగే మన గుడ్డను సముద్రం దాటించింది. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో దిగారు. ఈ కోరమండల్ తీరపు గుడ్డలు తూర్పు దీవులకు వెళ్లి, మిరియాలకూ లవంగాలకూ మారకమయ్యాయి. ఐరోపాలో వాటి మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తలేదు. నిషేధం ఒకవైపు నడుస్తుండగానే, 1742లో కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరి ఇక్కడి అద్దకంవాళ్లను అడిగి తెలుసుకున్న పద్ధతినంతా ఉత్తరంగా రాసి తన దేశానికి పంపాడు. తరతరాల చేతి విద్య ఒక్క ఉత్తరంలో ఓడెక్కింది. ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈ కథనంతా గుడ్డ చేతే చెప్పిస్తున్న చిత్రకారిణి లావణ్య మణి. 1977లో హైదరాబాదులో పుట్టి, బరోడాలో చిత్రకళ చదువుకుని, అక్కడే స్థిరపడ్డారు. సహజ రంగుల అద్దకం, గుడ్డ మీద గుడ్డ అతికి కుట్టడం, సూదిపని ఆమె సాధనాలు. 2014 కొచ్చి బియెనాలేలో ఆమె 'ట్రావెలర్స్ టేల్స్: బ్లూప్రింట్స్' పేరుతో తెరచాపల్లాంటి వస్త్రాలు వేలాడదీశారు. పాత యాత్రికుల రాతల్లోని నిజాలూ కట్టుకథలూ ఆమె బొమ్మలకు ముడిసరుకు. ఇదే బొమ్మ కాన్వాసు మీద తైలవర్ణాల్లో ఉంటే చరిత్ర పాఠానికి వేసిన బొమ్మలా మిగిలేది. ఓడలో సరుకుగా వెళ్లిన గుడ్డే తెరచాపై నిలబడితే, చూసేవాడికి ఆ ప్రయాణం చేతికి తగులుతుంది. ఆమె ఘనత నాకు ఇక్కడే కనిపిస్తుంది.

అయితే ఆమె పనికి ఇచ్చే గౌరవంలో కొంత శ్రీకాళహస్తి, పెడన ఇళ్లకూ చేరాలి. శ్రీకాళహస్తిలో కలం గీత, పెడనలో చెక్క అచ్చు. కాగుల ముందు నిలబడి చేతులకు రంగు పట్టినవాళ్ల పేర్లు ఏ గోడ మీదా రాసి ఉండవు.

ఎరుపు, నలుపు చెప్పాను కాబట్టి పాత అద్దకంలో నీలం సంగతీ చెప్పాలి. నీలం అక్కర్లేని చోట్లకు మైనం పూసి, గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచేవారు. పైకి తీసినప్పుడు అది పచ్చగా ఉంటుంది. దండెం మీద ఆరేసి గాలి తగలనిస్తే, ఒక అంచు నుంచి మెల్లగా నీలమవుతుంది.