ముడుల లెక్క ఎవరి చేతిలో ఉంది?

'ఇంకాలకు లిపి లేదు' అని చరిత్ర పుస్తకాల్లో చదువుతాం. అక్షరాల లిపి లేదన్న మాట నిజమే. కానీ దాని వెనకే 'కాబట్టి చరిత్ర కూడా లేదు' అనే తీర్పు వస్తుంది. మన భాషలను లిపి లేనివని అంటుంటే వింటూ పెరిగిన మనం ఆ తీర్పు దగ్గర కాసేపు ఆగాలి.

పెరూ ఆదివాసి గువామాన్ పోమా 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజు మూడవ ఫిలిప్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఉత్తరమంటే దాదాపు 1,200 పేజీలు, 398 బొమ్మలు! అది 1908లో కోపెన్‌హాగన్ గ్రంథాలయంలో బయటపడింది. పాలకుల స్పానిష్‌లో రాస్తూనే మధ్యమధ్య తన కెచువా మాటలు దాచకుండా పెట్టాడు. తెలుగులో రాసే మనకు ఆ ధైర్యం పనికొస్తుంది.

ఒక బొమ్మలో లెక్కల అధికారి రెండు చేతులా కీపూ చాపి నిలబడతాడు. కీపూ అంటే ఒక లావు తాడుకు వేలాడే సన్న తాళ్లు, వాటి మీద ముడులు. అడుగున ఒకట్లు, పైన పదులు, ఆపైన వందలు. ముడి లేని చోటు సున్నా. మనం బడిలో చెప్పే స్థాన విలువే ఇది. 1912లో లేలాండ్ లాక్ ఈ సంగతి తేల్చాడు. అంకెలకు లొంగని కీపూలను ఇప్పటికీ పూర్తిగా చదవలేకపోయారు. ఇంకో బొమ్మలో చాస్కీ శంఖం ఊదుతాడు. దారి పొడవునా గుడిసెల్లో కాచుకున్న ఇలాంటి పరుగుగాళ్లు ఒకరి నుంచి ఒకరు వార్త అందుకుని రాజధాని కూస్కోకు చేర్చేవారు.

ఇంతవరకు పుస్తకం గొప్పది. కానీ గువామాన్ పోమా ఇంకాల పాలనను మరీ మెచ్చుకుంటాడు. ఆయన తనను పాత దొరల వంశస్థుడిగా చెప్పుకున్నవాడు. ఆ ముడుల్లో ఉన్నది ధాన్యం లెక్క ఒక్కటే కాదు. ఏ ఊరి నుంచి ఎంతమంది రాజ్యానికి పనికి పోవాలో కూడా వాటితోనే లెక్కకట్టారు. ఇంకాలు జయించిన జాతుల వైపు నుంచి చూస్తే కీపూ పాలకుడి తాడే. ఆ వైపు ఈ పుస్తకంలో పలచగా కనిపిస్తుంది.

అయితే ఆ తాడే చేతులు మారింది. 1561లో హౌహా లోయ ఆదివాసి పెద్దలు కీపూలు పట్టుకుని లిమా న్యాయస్థానానికి వెళ్లారు. పిజారో మనుషులు వచ్చింది మొదలు తాము ఇచ్చిన లామాలు, మొక్కజొన్న, బట్టలు, మనుషుల లెక్క చదివి వినిపించారు. గుమాస్తాలు దాన్ని కాగితం మీదికి ఎక్కించారు. 1583లో లిమా మతసభ పాత పూజలతో ముడిపెట్టి కీపూలను తగలబెట్టమంది. లెక్క తమకు పనికొచ్చినంతసేపు సాక్ష్యం, తరువాత విగ్రహారాధన!

ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత తాడు మీద తమ ఊరి ఇళ్ల లెక్క ముడివేయించండి. ఆ తాడు ఎవరి దగ్గర ఉండాలో కూడా వాళ్లనే అడగండి.