‘నట్టు’ సాగితే ‘నాటు’

2023 మార్చిలో ఆస్కార్ వేడుక ముగించుకుని ‘ఆర్ఆర్ఆర్’ నటుడు జూనియర్ ఎన్టీఆర్ శంషాబాద్ విమానాశ్రయంలో దిగితే, వేళ కాని వేళలోనూ అభిమానులు పోటెత్తారు. ఆ సంబరం న్యాయమైనదే. అయితే బహుమతి వచ్చింది ఆ సినిమాలోని పాటకు. ‘నాటు నాటు’లోని పనితనం తెరమీద అడుగు పడకముందే చంద్రబోస్ కలంలో, ఇద్దరు గాయకుల నాలుకల మీద రూపుకట్టింది.

చరణం విప్పి చూడండి. మొదట పొలంగట్టు, పోట్లగిత్త, పోలేరమ్మ, పోతరాజు. అన్నీ పెదవులు కలిసి విడివడే ‘ప’కారాలే. ఆ వెంటనే కిర్రుచెప్పులు, కర్రసాము, మర్రిచెట్టు, కుర్రగుంపు, ఎర్రజొన్న రొట్టె. ఇక్కడ పని నాలుకది. ఒక్కో ‘ర్ర’ డప్పు మీద సిర్ర దెబ్బలా మోగుతుంది. ప్రాస కోసం వెతికి తెచ్చిన మాటలని ఎక్కడా అనిపించదు. పోలేరమ్మ జాతర వింటే నాకు కోస్తా ఊళ్లు, రొట్టెలో మిరపతొక్కు వింటే తెలంగాణ పల్లెలు కళ్లముందుకొస్తాయి. సినిమా కథానాయకులు రామరాజు, భీం పక్కపక్కన ఆడే పాటకు ఇంతకన్నా తగిన సరుకు ఏముంటుంది? పైగా ప్రతి పోలికా ‘నట్టు’ అని ముగుస్తుంది. అదే కాస్త సాగితే ‘నాటు’. పల్లవిని చరణంలోనే దాచి పెట్టారు కవి! 90 శాతం పాట ఒక్క పూటలో వచ్చినా, మిగతా పదిశాతానికి 19 నెలలు పట్టిందని ఆయనే చెప్పారు.

ఇక గొంతుల సంగతి. సంగీత దర్శకుడు కీరవాణి ఇచ్చిన ఆరు లెక్కల నడకలో ఊపిరి తీసుకునే చోటు తక్కువ. ‘ట’ దగ్గర నాలుక తడబడితే ఆడేవాడి కాలూ తడబడుతుంది. రాహుల్ సిప్లిగంజ్ గొంతులో హైదరాబాద్ గల్లీ పాటల కరుకు ఉంది. కాలభైరవ సంగతి మరీ విశేషం. అదే సినిమాలో సుద్దాల అశోక్‌తేజ రాసిన ‘కొమురం భీముడో’లో అక్షరాన్ని బరువుగా సాగదీసిన గాయకుడు, ఇక్కడ తుంచి విసిరాడు. రాతను బట్టి గొంతు మార్చుకోవడం అంటే ఇదే. ‘కొమురం భీముడో’ పాడినందుకు ఆయనకు జాతీయ అవార్డు దక్కింది.

ఆస్కార్ పాట బహుమతి మాత్రం రాసినవారికి, స్వరం కట్టినవారికే. ఆ వేదిక మీద కీరవాణి తన మాటలను కార్పెంటర్స్ పాట ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ వరుసలో పాడారు. రిచర్డ్ కార్పెంటర్, జాన్ బెట్టిస్ కలిసి రాసిన ఆ పాట లోకానికి దాన్ని పాడిన కేరెన్ గొంతుగానే గుర్తుంది. రాహుల్, కాలభైరవ అదే రాత్రి ఆ వేదికపై పాడారు, ప్రతిమ మాత్రం అందుకోలేదు. రాహుల్‌కు తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో, బోనాల వేళ, కోటి రూపాయల నజరానా ప్రకటించింది.