లోపలికి పోయేవి, బయటికి వచ్చేవి

కెలమంగలంలో హోసూరుకు పోయే టౌన్ బస్సు ఎక్కారనుకోండి. దిగే స్టాపు చెబితే కండక్టరు చార్జీ చెబుతాడు. ఒక్కో స్టాపుకు ఒకటే చార్జీ ఉంటే అది లెక్కల భాషలో ప్రమేయం. రెండు స్టాపులు ఒకే స్టేజిలో పడి చార్జీ ఒకటే అయినా తప్పేమీ లేదు. అయితే 2021 నుంచి తమిళనాడు సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. మొగుడూ పెళ్లామూ ఒకే చోట దిగుతారు, ఆయనకు డబ్బులు, ఆమెకు సున్నా. ఒకే స్టాపుకు రెండు జవాబులు! ప్రమేయం చెడింది. ‘ఎవరు, ఎక్కడికి’ అని జంటగా అడిగితే మళ్లీ నిలబడుతుంది. ఆడవాళ్ల వరకే చూస్తే ఏ స్టాపుకైనా సున్నానే, అది స్థిర ప్రమేయం.

తమిళనాట పదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠమే సంబంధాలు, ప్రమేయాలు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు తమిళ మీడియంలో చదివితే ప్రమేయం ‘సార్బు’ అవుతుంది, ప్రదేశం ‘మదిప్పగం’, వ్యాప్తి ‘వీచ్చగం’. నాకు తమిళ మాటలే ముచ్చటగా ఉంటాయి. మదిప్పగంలో మన మదింపు వినిపిస్తుంది, వీచ్చగంలో గాలి వీచిన మేర. మన ‘ప్రదేశం’ వింటే పిల్లవాడికి ముందు ఊరే తోస్తుంది.

ప్రదేశం అంటే లోపలికి రానివ్వగల సంఖ్యలు. బడి లెక్కల్లో ఎక్కువగా అడ్డుపడేవి రెండు: హారం సున్నా కావడం, వర్గమూలం కింద రుణసంఖ్య రావడం. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు ఈ రెంటినీ తాకాడు. రుణసంఖ్యకు వర్గమూలం లేదన్నాడు, వాస్తవ సంఖ్యల్లో ఇప్పటికీ అది సరే. సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు, అక్కడ పొరబడ్డాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరాచార్యుడంతటివాడే జారిన మెట్టు మీద పదో తరగతి పిల్లవాడు జారితే బెత్తం తీయాలా?

వ్యాప్తి అంటే బయటికి వచ్చే విలువలు. వాటిని కనుక్కోవడం ఇంకాస్త చిక్కు. వై = (2ఎక్స్ + 1)/(ఎక్స్ − 3) తీసుకోండి. ఎక్స్ 3 కాకూడదు, ప్రదేశం తేలిపోయింది. ఇప్పుడు వెనక్కి నడవాలి, ఎక్స్‌ను వైలో చెప్పాలి: ఎక్స్ = (3వై + 1)/(వై − 2). ఇక్కడ హారం సున్నా కాకూడదు గనుక వై 2 కాలేదు. వ్యాప్తిలో 2 తప్ప వాస్తవ సంఖ్యలన్నీ ఉన్నాయి.

ఈ వెనక నడకను గుడ్డిగా నమ్మితే మోసం. 9లోంచి ఎక్స్ వర్గం తీసేసి, మిగిలినదాని వర్గమూలం వై అనుకోండి. ఎక్స్ −3 నుంచి 3 దాకా ఉండొచ్చు. రెండు వైపులా వర్గం చేసి తిప్పి రాస్తే వైకి కూడా −3 నుంచి 3 దాకా వస్తుంది. చాలామంది అక్కడే ఆగి మార్కులు పోగొట్టుకుంటారు. వర్గమూలం గుర్తు రుణసంఖ్యను ఎప్పుడూ ఇవ్వదు, కాబట్టి వ్యాప్తి 0 నుంచి 3 వరకే. గ్రాఫు గీస్తే పై అరవృత్తం. వృత్తం మొత్తం గీసి నడిమిన నిలువుగా స్కేలు పెట్టి చూడండి, పైన 3 దగ్గరా కింద −3 దగ్గరా తగులుతుంది. ఒకే స్టాపుకు రెండు చార్జీలు.