నాలుగు సెకన్ల ముందుచూపు

బెంగళూరు నుంచి కృష్ణగిరికి కారులో వస్తుంటే హోసూరు దాకా ఎఫ్ఎం పాటకు ఢోకా ఉండదు. సూళగిరి కొండ కంటబడే వేళకు గొంతు గరగరలాడుతుంది, చరణం మధ్యలో మాయమవుతుంది. వెనక సీట్లోని పెద్దమ్మ అడుగుతుంది: "ఏమప్పా, పాట యాడికి పాయె?"

పాట ఎక్కడికీ పోలేదు. నేల వంపు తిరిగింది, కొండ అడ్డొచ్చింది, అంతే. ఎఫ్ఎం అల పొడవు మూడు మీటర్లు. ఇంచుమించు కంటిచూపు లాగే తిన్నగా పోతుంది. మీడియం వేవ్ కథ వేరు. బెంగళూరు ఆకాశవాణి 612 కిలోహెర్ట్జ్ అల పొడవు దాదాపు అర కిలోమీటరు. కొండా గుట్టా దానికి లెక్కలేదు. కాకపోతే పైనుంచి కరెంటు తీగ పోతే చాలు, బర్రుమంటుంది.

ఈ రెంటి పోరూ లేకుండా నేరుగా ఆకాశం నుంచే పాట దించుకోవచ్చని మనకు చూపింది వరల్డ్‌స్పేస్. నోవా సమారా 1990లో పెట్టిన సంస్థ అది. 2000 మార్చిలో దాని ఏషియాస్టార్ ఉపగ్రహం పైకి వెళ్లి, భూమధ్యరేఖ మీద 105 డిగ్రీల తూర్పున, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచింది. అందులో 'స్పందన' అని తెలుగు చానలు ఉండేది. తమిళనాట ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మావంటి వాళ్లకు అదొక ముచ్చట. చుట్టూ ఉన్న ఎఫ్ఎంలు తమిళమో కన్నడమో పాడుతుంటే, రాష్ట్రాల పొలిమేరలు తెలియని ఆ యంత్రం మాత్రం తెలుగు పాడేది.

దాని అల పొడవు జానెడు. అందుకే యాంటెన్నా అరచేతిలో పట్టే పలక. మా ప్రాంతంలో దాన్ని తూర్పుకు కాస్త దక్షిణంగా తిప్పి, సగం ఆకాశానికి పైగా, అంటే 55 డిగ్రీల ఎత్తుకు వాల్చి పెట్టాలి. కుదిరిందా, గరగర అనే మాటే లేదు. ఆ పలక ముందు కొబ్బరిమట్ట ఊగినా పాట తెగేది. నిలకడగా కూర్చున్న ఇంటికోసం చేసిన పనితనం అది, మలుపులు తిరిగే కారుకోసం కాదు. 2009 డిసెంబరు 31తో మన దేశంలో ఆ గొంతు ఆగింది.

కారుకోసమే కూర్చుని ఆలోచించినవాళ్లు అమెరికాలో ఉన్నారు. సిరియస్ సంస్థ 2000లో మూడు ఉపగ్రహాలు పంపింది. ఒకే చోట నిలిపితే అక్కడి ఉత్తరాది ఊళ్లకు అవి దక్షిణాన కిందికి కనపడతాయి, భవనాలు అడ్డొస్తాయి. అందుకని కోడిగుడ్డులా సాగిన కక్ష్యల్లో తిప్పారు. ఒక్కోటి రోజుకు పదహారు గంటలు భూమధ్యరేఖకు ఉత్తరానే గడిపేది. మూడూ వంతులు వేసుకునేవి కాబట్టి ఎప్పుడు చూసినా రెండు నడినెత్తికి దగ్గరలో ఉండేవి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది కాదు, దీని తర్వాతిది. ఆ రెండు ఉపగ్రహాలూ ఒకే పాటను పంపేవి, కానీ ఒకేసారి కాదు. రెండోది సుమారు నాలుగు సెకన్లు ఆలస్యంగా పంపేది. రేడియో మొదటిదాన్ని వెంటనే వినిపించేది కాదు, తన జ్ఞాపకంలో దాచుకుని రెండోదాని కోసం ఆగేది. ఒకే శుభలేఖను ఉదయం బస్సులో ఒకరి చేత, మధ్యాహ్నం బస్సులో మరొకరి చేత పంపినట్టు. దారిలో ఒక బస్సు ఆగిపోయినా పెళ్లి కబురు అందుతుంది. కారు వంతెన కిందికి దూరితే రెండు దారులూ మూసుకునేవి; ఆ కాసేపూ వినపడేది ముందే దాచిపెట్టిన పాట. వంతెన కింద మొదటి ఉపగ్రహం నుంచి అందక పోయిన ముక్క, బయటపడ్డాక రెండోదాని నుంచి అందేది. లోపల కూర్చున్నవారికి ఏదో జరిగిందన్న సంగతే తెలిసేది కాదు. పోగొట్టుకోబోయేదాన్ని పోకముందే రెండో చేతికిచ్చి ఉంచడమన్నమాట.

సూళగిరి దగ్గర హైవేలో లెక్క కట్టి చూశాను. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లకు 88 మీటర్లు. ముప్పై మీటర్ల వెడల్పున్న వంతెన దాటడానికి సెకనున్నర కూడా పట్టదు. సగానికి పైగా పాట ఇంకా చేతిలో మిగిలే ఉంటుంది. అదే వంతెన కింద లారీల వరుసలో ఇరుక్కున్నామా, నాలుగు సెకన్లూ ఇట్టే కరిగిపోతాయి. దానికీ సిరియస్ వాళ్లు ఆలోచించారు: పెద్ద ఊళ్లలో నేలమీదే చిన్న ప్రసార స్తంభాలు నాటి, అదే పాటను పక్కనుంచి అందించారు.

ఇప్పుడు మా కారులో ఫోనే రేడియో. అదీ కొన్ని సెకన్ల పాట ముందే దాచుకుని నడుస్తుంది. కొండ మలుపులో టవరు వదిలేసినా చరణం పూర్తవుతుంది. పెద్దమ్మ ఇప్పుడు పాట గురించి అడగడం లేదు, కృష్ణగిరి ఇంకెంత దూరమని అడుగుతోంది.