ఘట్టం వెంట ఘట్టం

పన్నెండేళ్ల కొడుకు గుంపులోనే ఎక్కడో ఉన్నాడనుకున్నారు. పస్కా పండుగ ముగించుకుని గలిలయకు తిరిగి వెళ్తున్న యాత్రికులు చాలామంది, చుట్టాలూ ఊరివాళ్లూ కలిసి నడుస్తున్నారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఒక రోజు ప్రయాణం అయ్యాక వెతికితే పిల్లవాడు లేడు. వెనక్కి యెరూషలేముకు వచ్చి, దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్న యేసును చూసేసరికి మూడు రోజులైంది. లూకా సువార్త రెండో అధ్యాయంలో పది పన్నెండు వచనాల్లో ముగిసిపోయే సంగతి ఇది.

సెవెంత్ డే అడ్వెంటిస్టు రచయిత్రి ఎలెన్ వైట్ తన ‘ది డిజైర్ ఆఫ్ ఏజెస్’ ఎనిమిదో అధ్యాయంలో ఈ ఘట్టం దగ్గర ఆగారు. ఒక్క రోజు ఏమరుపాటుకు మూడు రోజుల వెతుకులాట. మరియ, యోసేపులు ఆయన్ను కాదనుకున్నవాళ్లు కారు. తమతోనే ఉన్నాడన్న ధీమాలో ఉన్నారు, అంతే. భక్తి అలవాటైపోయినవాళ్లకు ఉండే ప్రమాదం ఇదేనని చెప్పి, అక్కడే ఆమె ఒక సలహా ఇచ్చారు. రోజుకు ఒక గంట క్రీస్తు జీవితాన్ని తలపోస్తూ గడపమన్నారు. ఒక్కో ఘట్టాన్నీ విడిగా తీసుకుని, ఊహను అందులోకి పోనివ్వమన్నారు. ముఖ్యంగా చివరి ఘట్టాలను విడిచిపెట్టవద్దన్నారు.

బయటివాళ్లకు సెవెంత్ డే అడ్వెంటిస్టులంటే శనివారం ఆరాధన, ఆహార నియమాలు, దానియేలు, ప్రకటన గ్రంథాల మీద ప్రసంగాలు. ఈ గంట సంగతి పెద్దగా తెలియదు. ఆ సంఘం తోటి క్రైస్తవులకు ఇవ్వగలిగినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నేను నమ్ముతాను.

ఆ సలహా ఇచ్చిన మనిషి గురించి కొంచెం చెప్పాలి. ఎలెన్ 1827లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టారు. తొమ్మిదేళ్లప్పుడు తోటి బాలిక విసిరిన రాయి ముఖానికి తగిలి మంచాన పడ్డారు. బడి చదువు దాదాపు అక్కడితో సరి. 1844 అక్టోబరు 22న క్రీస్తు తిరిగి వస్తాడని ఎదురుచూసి గుండె పగిలిన వేలమందిలో ఆమె ఒకరు. ఆ నిరాశలో నుంచి లేచి నిలబడ్డ చిన్న గుంపు 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘంగా ఏర్పడింది. రెండో రాకడ కోసం కళ్లు కాయలు కాచేలా చూసినవాళ్లు, రాబోయేవాడు ఎలాంటివాడో తెలుసుకోవడానికి మొదటి రాకడ వైపు తిరగడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది.

అంతకుముందే క్రీస్తు జీవితం గురించి ఆమె ఎన్నోసార్లు రాసినా, పెద్ద పుస్తకం రూపు దిద్దుకున్నది 1891 చివర్లో ఆస్ట్రేలియా చేరిన తర్వాతే. అక్కడ 1892లో నెలల తరబడి కీళ్ల జబ్బుతో మంచం పట్టారు. దిండ్లకు ఆనుకుని కూర్చుని, నొప్పి పెడుతున్న చేత్తోనే రాశారు. సహాయకురాలు మేరియన్ డేవిస్ ఆమె ఉత్తరాల్లోంచి, ప్రసంగాల్లోంచి, పత్రికా వ్యాసాల్లోంచి క్రీస్తును గురించిన భాగాలన్నీ ఏరి, నోటుపుస్తకాల్లో అతికించి, అధ్యాయాలుగా కూర్చారు. పోగైనదంతా ఒక్క పుస్తకంలో పట్టలేదు. కొండమీది ప్రసంగం 1896లో, ఉపమానాలు 1900లో వేరే పుస్తకాలై వచ్చాయి. నడుమ 1898లో 87 అధ్యాయాలతో అసలు పుస్తకం వెలువడింది.

అప్పటికి ప్రచారంలో ఉన్న క్రీస్తు చరిత్రలను, విలియం హన్నా వంటివారివి, ఆమె చదివి వాడుకున్నారు. కొన్నిచోట్ల ఆ రచయితల మాటలూ వాడుకున్నారు. దీనిపై విమర్శలు వచ్చినప్పుడు సంఘమే పూనుకుని ఫ్రెడ్ వెల్ట్‌మన్ అనే పండితుడితో పరిశోధన చేయించింది. 15 అధ్యాయాలను వాక్యం వాక్యం పరిశీలించిన ఆయన, ఆ అరువు నిజమేననీ చిన్నదేమీ కాదనీ 1988 నివేదికలో చెప్పారు. ఈ సంగతి దాచిపెట్టి ఆమెను పొగడటం నాకు ఇష్టం లేదు. అయితే ధ్యానానికి కూర్చున్నవాడు ఆ పుస్తకాన్ని అడగాల్సిన ప్రశ్న వేరు: ఇది నన్ను తిరిగి సువార్తలోకి పంపుతోందా, తనలోనే ఆపేస్తోందా? ఇన్నేళ్లుగా ఎన్నో ఇళ్లలో అది మనుషుల్ని మత్తయి, మార్కు, లూకా, యోహానుల దగ్గరికే పంపింది.

ఊహతో సువార్తలోకి వెళ్లడం ఆమె కనిపెట్టినదేమీ కాదు. 1521లో యుద్ధంలో కాలు విరిగి మంచంలో ఉన్న ఇగ్నేషియస్ లొయోలా, సాక్సనీకి చెందిన లుడోల్ఫ్ రాసిన క్రీస్తు చరిత్ర చదివి మారిన మనిషి అయ్యారు. తర్వాత ఆయన స్థాపించిన జెస్యూట్ల ధ్యాన పద్ధతికి అక్కడే బీజం పడింది. ఆ సంప్రదాయంలో నెల రోజుల ఏకాంతం, దారి చూపే గురువు ఉంటారు. అడ్వెంటిస్టుల దగ్గర అవేవీ లేవు. వంట, పొలం, ఉద్యోగం మధ్యలో ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకోవాల్సిందే. సబ్బాతు బడి పాఠం మూడు నెలలకు ఒక పుస్తకంగా, రోజుకు ఒక భాగంగా చేతికి వస్తుంది. శుక్రవారం సూర్యాస్తమయానికి ఇంటిల్లిపాదీ ప్రార్థనకు కూర్చుంటారు. ఆ గంటకు ఆసరా ఇంతే.

ఇక పద్ధతి. ఒక్క పూటకు ఒక్క ఘట్టం, అధ్యాయం కాదు. పైకి చదవాలి, నెమ్మదిగా. అదే సంగతి మిగతా సువార్తల్లో ఉంటే అవీ చదివి, ఒకరు చెప్పి మరొకరు చెప్పనిది ఏమిటో చూడాలి. పొద్దు ఏ వేళ, ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, ఎవరు ఏం మాట్లాడకుండా ఉన్నారు అన్నవి గమనించాలి. ఆ తర్వాతే ఊహ. వాక్యం వేసిన గట్టు దాటి ఊహ పారకూడదు. మరియ మనసులో ఏమనుకుందో లూకా చెప్పినంత వరకే మనకు తెలుసు. మిగతాది మనం కల్పించి దాన్ని దేవుని మాటగా చెలామణీ చేయకూడదు.

నేను దీనికి ఇంకొకటి చేర్చుకుంటాను. ఘట్టంలో మనకు ఇబ్బందిగా ఉండే చోట నిలబడాలి. మార్కు ఐదో అధ్యాయంలో యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. యేసు బయల్దేరారు. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ఆయన వస్త్రాన్ని తాకింది, ఆయన ఆగిపోయారు. ఎవరు తాకారని అడిగి, ఆమె ముందుకొచ్చి జరిగిందంతా చెప్పుకునేదాకా వేచి ఉన్నారు. ఆ స్త్రీ పక్కన నిలబడి చదివితే కళ్లు చెమరుస్తాయి. అదే యాయీరు పక్కన నిలబడి చదివి చూడండి. ఇంట్లో పన్నెండేళ్ల కూతురు పోతోంది, ఈయనేమో జనం మధ్య నిలబడి మాట్లాడుతున్నారు. అంతలో కబురు వచ్చింది, పిల్ల చనిపోయిందని. ఆ ఆలస్యాన్ని యాయీరుగా భరించినవాడికి, తన ప్రార్థనకు జవాబు రాని రోజుల్లో యేసు మీద నమ్మకం ఉంచడమంటే ఏమిటో కొంత తెలుస్తుంది.

అడ్వెంటిస్టు చూపు అన్నిటికన్నా ఎక్కువగా వెలుగునిచ్చేది సబ్బాతు దగ్గర. ఊచచెయ్యి గలవాడు, పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయిన స్త్రీ, బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్ల రోగి, పుట్టుగుడ్డివాడు, వీళ్లందరినీ యేసు బాగుచేసింది విశ్రాంతి దినాన్నే. వీళ్లలో ఎవరికీ ఆ రోజు ప్రాణం మీదికి రాలేదు. మర్నాటిదాకా ఆగినా పోయేదేమీ లేదు. ఆయన కావాలనే ఆ రోజును ఎంచుకున్నారు. విశ్రాంతి అంటే కట్టుబాటు కాదు, విడుదల అని ఆయన చేతలతో చెప్పారు. బోధించడం కంటే రోగుల్ని బాగుచేయడానికే ఆయన ఎక్కువ సమయం ఇచ్చారని వైట్ రాశారు. మన నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆస్పత్రి వంటివి ఈ సంఘం ఎందుకు కట్టిందో ఆ మాట చదివితే అర్థమవుతుంది.

ఇప్పుడు సమాధి దగ్గరికి రండి. మన ఊళ్లలో ఈస్టరుకు ముందు శుక్రవారం సిలువ మీది ఏడు మాటల ప్రసంగాలు జరుగుతాయి. ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో పాటలు వినిపిస్తాయి. మధ్యలో ఉన్న శనివారం గురించి చాలాచోట్ల ఎవరూ మాట్లాడరు. అడ్వెంటిస్టు ఆ రోజు దగ్గరే ఆగిపోతాడు. సువార్తలు దాని గురించి చెప్పింది బహు కొంచెం. గలిలయ నుంచి వచ్చిన స్త్రీలు సమాధిని చూసి, సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని, ఆజ్ఞ ప్రకారం విశ్రమించారని లూకా రాశాడు. ప్రభువు దేహానికి చేయాల్సిన పని ఎదురుగా ఉన్నా, చేతులు ముడుచుకుని కూర్చున్నారు. మత్తయి మరొకటి చెప్పాడు. ప్రధాన యాజకులూ పరిసయ్యులూ ఆ రోజే పిలాతు దగ్గరికి వెళ్లి, సమాధికి కాపలా అడిగి, రాతికి ముద్ర వేయించారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సబ్బాతును మీరుతున్నాడని యేసు మీద నింద వేసినవాళ్లు ఆ సబ్బాతున విశ్రమించలేకపోయారు. రాజభవనానికీ సమాధికీ తిరుగుతూనే ఉన్నారు. నింద పడ్డ ఆయన మాత్రం సమాధిలో విశ్రమిస్తున్నారు. ఆరు రోజుల సృష్టి ముగించి ఏడో రోజున విశ్రమించినవాడే, విమోచన పని ముగించి మళ్లీ ఏడో రోజున విశ్రమించాడన్నది వైట్ 80వ అధ్యాయంలో చెప్పిన మాట. దీనికి తోడు, మరణం నిద్ర అన్నది అడ్వెంటిస్టుల నమ్మకం. లాజరు విషయంలో యేసు వాడిన మాట అదే. కాబట్టి ఆ శనివారం ఆయన ఎక్కడికో వెళ్లి ఏదో చేస్తున్నారని వాళ్లు అనుకోరు. పని లేదు, మాట లేదు. తండ్రి తనను లేపుతాడన్న నమ్మకంతో అప్పగించుకున్న ప్రాణం, అంతే. ఆప్తుల్ని మట్టిలో పెట్టి వచ్చినవాళ్లు ఈ ఘట్టం దగ్గర కూర్చుంటే దొరికే ఓదార్పును నేను మరెక్కడా చూడలేదు.

చివరి ఘట్టాల మీద ఆమె ఎందుకంత పట్టుబట్టారో పుస్తకం కొలతలోనే తెలుస్తుంది. గురువారం సాయంత్రం నుంచి శనివారం దాకా జరిగినదానికి పది అధ్యాయాలు, 71 నుంచి 80 వరకు. అందులో గెత్సేమనే ఘట్టం చదివేటప్పుడు అడ్వెంటిస్టు నమ్మకం ఒకటి గుర్తుంచుకోవాలి. యేసు మన మానవ స్వభావాన్ని దాని బలహీనతతో సహా తీసుకున్నారు, పడిపోయే అవకాశం నిజంగానే ఉంది. ఆ రాత్రి ముగింపు ముందే తెలిసిన నాటకం కాదు. మూడుసార్లు అదే ప్రార్థన, మూడుసార్లు నిద్రపోతున్న స్నేహితులు. లేచి వెళ్లిపోవడానికి దారి తెరిచే ఉంది. ఆయన వెళ్లలేదు.

ఆ పదింటిలో మొదటిది పాదాలు కడిగిన ఘట్టం. దీన్ని తలపోయడంతో ఆపరు, చేస్తారు. ప్రభురాత్రి భోజనానికి ముందు, సాధారణంగా మూడు నెలలకోసారి, సంఘస్థులు జంటలుగా కూర్చుని ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. పళ్లెం, నీళ్లు, తుండుగుడ్డ, ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. కాళ్లు కడగడం మనకు తెలియనిది కాదు. పెళ్లిలో వరుడి కాళ్లు కడుగుతాం, ఇంటికొచ్చిన పెద్దలకు నీళ్లిస్తాం. కానీ ఎవరు ఎవరి కాళ్లు ముట్టుకోవాలన్నది కులమూ వయసూ అంతస్తూ తేల్చే సమాజం మనది. అక్కడ యజమాని వంగి తన కూలివాడి పాదాలు కడిగితే, ఆ పళ్లెం ముందు ప్రసంగాలు అక్కర్లేదు. యోహాను చెప్పిన వరస చూస్తే ఆ రాత్రి యూదా ఇంకా గదిలోనే ఉన్నాడు. అతని పాదాలూ యేసు చేతుల్లోకి వచ్చాయి. పళ్లెం ముందు కూర్చునే ముందు, తమకు పడనివాళ్ల దగ్గరికి వెళ్లి సమాధానపడాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గంట దొరకలేదని మానుకోనక్కర్లేదు. పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ అదే వేళకు. మార్కు సువార్త తీసుకోండి. పదహారు అధ్యాయాలే, ఘట్టాలు పొట్టివి, యేసు ఎప్పుడూ నడుస్తూనే ఉంటారు. ఒక ఘట్టం ఏమీ పలకకపోతే మరునాడూ దాని దగ్గరికే వెళ్లండి, ముందుకు దూకవద్దు. పిల్లలుంటే చదివాక వాళ్లనే అడగండి, ‘నువ్వు అక్కడ ఉంటే ఎవరి పక్కన నిలబడతావు?’ అని. వాళ్ల జవాబులకు మీరు సిద్ధంగా ఉండాలి.